ఏ ఫారానికి ఎందరు

ఆ పింగాణీ ఫ్యాక్టరీలో రోజుకు పదకొండు వేల కప్పులు తయారయ్యేవి. చిన్ని వాటిలో ఒక్కదాన్నీ ముట్టుకునేది కాదు. ఆమె కూర్చునేది గేటు పక్క మేడ మీద ఆఫీసులో, కంప్యూటరు ముందు. యూనిఫాం కొలతలకో ఫారం, సెలవులకో ఫారం, క్యాంటీను మీద ఫిర్యాదులకో ఫారం, ప్రమాదాలు జరక్కుండా సలహాలు ఇమ్మని ఇంకో ఫారం, ఇవన్నీ లింకులుగా కార్మికుల ఫోన్లకు వెళ్ళేవి. ఏ ఫారానికి ఎన్ని జవాబులు వచ్చాయో, ఏది ముందుందో, ఏది వెనకబడిందో సాయంత్రం ఐదున్నరకల్లా లెక్క తీసి హెడ్డాఫీసుకు పంపడం ఆమె ఉద్యోగం.

ఆరేళ్ళుగా ఆ పనే. ఆరేళ్ళూ మొదటి స్థానం క్యాంటీను ఫిర్యాదులదే. టీలో పాలు లేవనీ, టీలో టీయే లేదనీ జనం విసుగు లేకుండా రాసేవారు. ప్రమాదాల మీద సలహాలకు ఒక ఏడాది మొత్తానికి రెండే జవాబులొస్తే, అందులో ఒకటి మళ్ళీ టీ గురించే. "ఏం మరదలా, ఈ వారం కూడా మా టీయే ఫస్టా?" అని బావ ఏడిపించేవాడు.

బావ బట్టీ దగ్గర పని. ఏ కప్పు ఎంత వేడికి పగులుతుందో రంగు చూసి చెప్పగలడు. అక్క రంగుల సెక్షనులో, తిరిగే చక్రం మీద కప్పు పెట్టి, అంచు చుట్టూ ఒక్క ఊపులో బంగారు గీత గీసేది. ఇరవై రెండేళ్ళలో ఆ చెయ్యి వణికిందని ఎవరూ అనలేదు. తల్లి పోయినప్పుడు చిన్నికి తొమ్మిదేళ్ళు. అప్పటినుంచి అక్కే జడ వేసింది, అక్కే బడికి పంపింది, పెళ్ళి చేసుకుని వెళ్తూ చెల్లెల్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది. ఇప్పటికీ వాళ్ళింట్లో పైగది చిన్నిదే. పిల్లలు లేని ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళొచ్చినా ఆమే చిన్నపిల్ల. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు.

ఫ్యాక్టరీ మూసేస్తారన్న మాట గాలిలో రెండేళ్ళుగా ఉంది. అలవాటైపోయి ఎవరూ పట్టించుకోవడం మానేశారు. ఒక సోమవారం పొద్దున మేనేజరు అందరినీ ఆవరణలోకి పిలిచి, బల్ల మీద నిలబడి, మూసేస్తున్నామని చెప్పాడు. గొంతు తగ్గించి చెప్పాడు కాబట్టి వెనక వరసలకు వినపడలేదు. ముందున్నవాళ్ళ వీపులు చూసి వెనకవాళ్ళకు అర్థమైంది.

కార్మికుల ముందు మూడు దారులున్నాయన్నాడు. దూరపు ఊళ్ళో కంపెనీ కొత్త ఫ్యాక్టరీకి బదిలీ మొదటిది. అక్కడ ప్రస్తుతానికి నూట ఇరవై మందికే చోటు. కంపెనీ ఖర్చు మీద కంప్యూటరు పని నేర్చుకుని, ఇదే ఊళ్ళో కంపెనీ గోడౌనులో చేరడం రెండోది. మూడోది, మూడు నెలల జీతం తీసుకుని మానేయడం. ఒక్కో దారికి ఒక్కో ఫారం ఫోనుకు వస్తుంది. ఒకరు ఒక్క ఫారమే నింపాలి, ఒకసారి పంపాక మార్చుకోవడానికి లేదు. గడువు పది రోజులు.

సభ అయ్యాక చిన్నిని గదిలోకి పిలిచాడు. రోజూ సాయంత్రం మూడు ఫారాల లెక్కా ఆమే పంపాలట. ఏ ఫారానికి ఎందరో ఈ పది రోజులూ ప్రాణం పోయినా బయట పొక్కకూడదట. ఆమె తలూపింది. టీ ఫిర్యాదుల్ని లెక్కపెట్టిన చేత్తోనే వీటినీ లెక్కపెట్టాలి, అంతే కదా అనుకుంది.

మొదటి రోజు బదిలీకి యాభై ఎనిమిది. రెండో రోజు నూట పదకొండు. మూడో రోజుకు నూట ఇరవై దాటిపోయింది. నాలుగో రోజు ఐదున్నరకు ఆమె తెర మీద చూసింది: బదిలీకి రెండు వందల ఏడు, శిక్షణకు పంతొమ్మిది, మానేస్తామన్నవాళ్ళు పన్నెండు. మొత్తం ఆరు వందల నలభై మందిలో మిగతావాళ్ళు ఇంకా ఎటూ తేల్చుకోలేదు. వాళ్ళలో అక్కా బావా కూడా ఉన్నారు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అక్క వంటగదిలో పీట మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని, మూడు లింకులూ ఒకదాని తర్వాత ఒకటి తెరిచి మూస్తోంది. బావ బదిలీయే నింపుదామంటున్నాడట. ఆయనకు బట్టీ తప్ప మరోటి తెలియదు, బట్టీ ఎక్కడుంటే అక్కడికే పోతానంటాడు. అక్కకు మాత్రం చోటు దొరక్కపోతే ఏమిటని భయం.

"నీకు తెలుసుగా," అంది అక్క. తల ఎత్తలేదు. "చెప్పకూడదంటే చెప్పొద్దు. నేనేమీ అనుకోను."

చిన్ని గుమ్మంలోనే నిలబడిపోయింది. అక్క ఇన్నేళ్ళలో ఆమెను ఏదీ అడగలేదు. ఇప్పుడు కూడా సరిగ్గా అడగలేదు.

"బదిలీ వద్దక్కా," అంది. "అందులో రెండొందలు దాటారు. చోటు నూట ఇరవైకే. శిక్షణలో ఇరవై మంది కూడా లేరు. అందులో దూరితే ఇద్దరికీ ఖాయం."

అక్క అక్కడే కూర్చుని శిక్షణ ఫారం నింపింది. చిన్ని పక్కన చేరి అక్షరాలు సరిచూసింది. పంపాక తెర మీద ధన్యవాదాలు అని వచ్చింది. అక్క దానికి నిజంగానే తల పంకించి, లేచి పొయ్యి వెలిగించింది.

బావ ఆ రోజు రెండో షిఫ్టు. మర్నాడు చెబితే మొదట ససేమిరా అన్నాడు. ఈ వయసులో కంప్యూటరు మీటలు నొక్కడమేమిటి, వేళ్ళు ఒకటి నొక్కబోయి మూడు నొక్కుతాయి అన్నాడు. అక్క గట్టిగా పట్టుబట్టాక, మధ్యాహ్నం భోజనాల వేళ బట్టీ పక్కన నిలబడి నింపాడు.

ఆ మధ్యలో జరిగింది ఇదీ. అక్క పొద్దున రంగుల సెక్షనుకు వెళ్ళింది. ఆమెకు కుడివైపు చక్రం దగ్గర కూర్చునే ఆవిడ, ఎడమవైపు కూర్చునే ఆవిడ, ఇద్దరూ ఇరవై ఏళ్ళ నుంచి పక్కపక్కన గీతలు గీసినవాళ్ళే. బదిలీకే పెడుతున్నామని వాళ్ళు మాట్లాడుకుంటుంటే అక్కకు నోరు ఊరుకోలేదు. వీళ్ళ నోట్లో మట్టి పడుతుంటే చూస్తూ కూర్చోవడం ఎలా అనుకుంది. చెవిలో చెప్పింది. మీ ఇద్దరికే అని కూడా చెప్పింది. ఆ ఇద్దరూ మరో ఇద్దరికే చెప్పారు.

ఐదో రోజు సాయంత్రం శిక్షణ ఫారంలో డెబ్బై నాలుగు. చిన్ని ఆ అంకెను కళ్ళు చికిలించి చూసింది. ఆరో రోజు నూట అరవై. బదిలీ రెండు వందల పంతొమ్మిది దగ్గర ఆగిపోయి ఇక కదలలేదు. తన నోటి నుంచి వంటగదిలో పడిన మాట రెండు రోజుల్లో ఫ్యాక్టరీ అంతా తిరిగి, అంకెలై మళ్ళీ తన ముందుకే వచ్చి కూర్చుంది. అయినా మనసుకు సర్దిచెప్పుకుంది. శిక్షణకు ఇంతమందే అని మేనేజరు ఏమీ అనలేదు కదా, నేర్చుకుంటామన్నవాళ్ళందరికీ నేర్పుతారు కదా అని.

మేనేజరు ఆ రోజు ఉత్సాహంగా ఉన్నాడు. శిక్షణ మీద జనంలో ఆసక్తి ఎలా పెరిగిందో చూశారామ్మా అన్నాడు. అదే మాట హెడ్డాఫీసుకూ రాశాడు.

ఆరో రోజే పెద్దమ్మ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. ప్యాకింగు సెక్షనులో ఆవిడను అందరూ పెద్దమ్మ అనే పిలిచేవారు. చదువు రాదు. కప్పును కాగితంలో చుట్టి పెట్టెలో దించడం తప్ప లోకంలో ఇంకేమీ చేయలేదు, ఆ చుట్టడం మాత్రం కళ్ళు మూసుకుని చేస్తుంది. మేడ ఎక్కిన ఆయాసం తీరాక రవికలోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టింది. తనకు ఆ దూరపు ఫ్యాక్టరీ ఫారం నింపి పెట్టమంది. కప్పులు ఎక్కడైనా కప్పులే కదమ్మా, అక్కడా ఎవరో ఒకరు చుట్టాలి కదా అంది.

"అందులో జనం ఎక్కువైపోయారు పెద్దమ్మా," అంది చిన్ని. "రెండోది నయం."

"నువ్వు చూసి చెప్తున్నావు కదా. ఏది నయమైతే అదే నొక్కు."

చదువు రాని మనిషికి శిక్షణలో ఏం నేర్పుతారన్న ప్రశ్న ఆ క్షణంలోనే చిన్ని బుర్రలో మెదిలింది. తర్వాత ఎన్నోసార్లు ఆమె తనకు తానే ఒప్పుకున్న సంగతి అది, తెలియక చేయలేదు. కానీ గోడౌనులో పెట్టెలు సర్దడానికైనా మనుషులు కావాలి కదా అనుకుంది. పెద్దమ్మ వేలితో కాదు, తన వేలితోనే నొక్కింది.

గడువు ముగిసేసరికి శిక్షణకు రెండు వందల డెబ్బై ఒకటి, బదిలీకి ఆ రెండు వందల పంతొమ్మిదే, మానేసేవాళ్ళు నూట యాభై. మొత్తం ఆరు వందల నలభై సరిపోయింది. ఎవరూ తప్పిపోలేదు.

నోటీసు నాలుగు రోజుల తర్వాత వచ్చింది. గేటు లోపల గోడకు అంటించే ముందు మేనేజరు దాన్ని చిన్ని చేత టైపు చేయించాడు కాబట్టి ఫ్యాక్టరీలో మొదట చదివింది ఆమే.

బదిలీ కోరిన రెండు వందల పంతొమ్మిది మందినీ తీసుకుంటున్నారు. శిక్షణ కోరినవారిలో, ఫారం పంపిన వరుసలో, మొదటి ముప్పై మందిని తీసుకుంటున్నారు. మిగిలిన రెండు వందల నలభై ఒక్కరి పేర్లు వెయిటింగ్ లిస్టులో ఉంటాయి. లిస్టు ముగిసేదాకా వారు సంస్థ మనుషులే. కాబట్టి మానేసినవారికి ఇచ్చే మూడు నెలల జీతం వారికి ప్రస్తుతం వర్తించదు.

ఆమె టైపు చేస్తూ చేస్తూ ఆగింది. నూట ఇరవై మందికే చోటన్నారు కదా సార్ అని అడిగింది.

మేనేజరు ఓపిగ్గానే చెప్పాడు. నూట ఇరవై అనేది మొదటి అంచనా. ఎక్కువమంది దేన్ని అడిగితే దానిమీదే ఖర్చు పెట్టాలని పైవాళ్ళ ఉద్దేశం. అందుకే కదా రోజూ లెక్క అడిగింది. నాలుగో రోజు లెక్క చూసి అక్కడ రెండో బట్టీ వెలిగించడానికి నిర్ణయించేశారు. శిక్షణకు అప్పటికి ఇరవై మంది కూడా లేరు కాబట్టి ముప్పై మందికి సరిపడా గది, మాస్టర్లు మాట్లాడుకున్నారు. తర్వాత ఎగబడ్డారు, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. "ఇంకో వంద మంది బదిలీ అడిగినా మూడో షిఫ్టు పెట్టేవాళ్ళేనమ్మా," అన్నాడు. "ఎందుకో మరి, అక్కడికక్కడ ఆగిపోయారు."

తక్కువమంది ఉన్నచోట చోటుంటుందని చిన్ని అనుకుంది. ఎక్కువమంది ఉన్నచోట చోటు చేస్తారని ఆమెకు తట్టలేదు. ఆరేళ్ళు ఆ లెక్కలు పంపింది. అవతలివాళ్ళు వాటిని ఎలా చదువుతారో ఒక్కనాడూ అడగలేదు.

"నేనే చెప్పాను సార్," అంది. "ఏ ఫారంలో ఎందరున్నారో. నాలుగో రోజు. మా అక్కకి."

మేనేజరు లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

"ఆ మాట మీరు అనలేదు, నేను వినలేదు. ఇప్పుడు ఆ మాట బయటికొస్తే మొత్తం ఫారాలే చెల్లవంటారు. బదిలీవాళ్ళ బతుకులూ పోతాయి. టైపు చెయ్యండి."

తిడితే బాగుండేది. పొమ్మంటే ఇంకా బాగుండేది. చిన్ని మిగతా నోటీసు టైపు చేసింది. ఆ తర్వాత ముప్పై పేర్లూ టైపు చేసింది. ఇరవై మూడో పేరు అక్కది. ఆ కింద రంగుల సెక్షనులో కుడివైపు ఆవిడ ఉంది, ఎడమవైపు ఆవిడ లేదు. బావ లేడు. బావ ఫారం వరుసలో అరవై రెండోది.

నోటీసు చదివిన జనం అరవలేదు, రాళ్ళు వేయలేదు. గుంపుగా నిలబడి, చదివినవాళ్ళు చదవనివాళ్ళకు చెప్పి, ఎవరి పేరు ఎక్కడుందో వేళ్ళతో వెతుక్కున్నారు. అక్క పేరు దగ్గర వేళ్ళు ఆగాయి. లెక్కల పిల్ల అక్క లోపలుంది. మమ్మల్ని బదిలీ నుంచి తప్పించి, తన పేరు ముందు రాయించుకుని, మమ్మల్ని వెనక తోసింది అన్నారు. అదే నిజంలా కనపడింది కూడా. బావ పేరు లిస్టులో లేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు, ఒకరిద్దరు గమనించినా అదీ ఏదో ఎత్తే అయి ఉంటుందన్నారు.

మర్నాడు అక్క చక్రం ముందు కూర్చుంటే ఎడమవైపు ఆవిడ తన బల్ల జరుపుకుంది. అంతకన్నా ఏమీ చేయలేదు. ఆ రోజు మధ్యాహ్నం అక్క రంగు చేతులతోనే మేనేజరు గదికి వెళ్ళి, తన పేరు కొట్టేసి ఆ ఆవిడ పేరు రాయమంది. అది కుదరదంటే మా ఆయన పేరైనా రాయమంది. అదీ కుదరదంది నియమం. ఒకసారి పంపాక మార్చుకోవడానికి లేదు. పక్క బల్ల దగ్గర కూర్చుని చిన్ని ఇదంతా వింది. అక్క వెళ్ళిపోతూ ఆమెవైపు తిరగలేదు.

ఇంట్లో టీ గురించి బావ ఏడిపింపులు ఆగిపోయాయి, అదే ఆయన కోపం. పదిహేను రోజులు చూసి, ఎవరో తెలిసినవాళ్ళుంటే రేవులో మూటలు మోసే పనికి వెళ్ళాడు. రంగు చూసి వేడి చెప్పగలిగిన మనిషి. వెళ్ళేరోజు పొద్దున సంచీ సర్దుకుంటుంటే చిన్ని కాళ్ళమీద పడబోయింది. ఆయన పక్కకు తప్పుకున్నాడు.

"వద్దులే. నువ్వు మంచికే చెప్పావు," అన్నాడు. సంచీ భుజాన వేసుకుని, "నేను మొదట అన్నదే విని ఉంటే బాగుండేది. బట్టీ ఎక్కడుంటే అక్కడికి పోతానన్నాను కదా," అన్నాడు.

అక్క శిక్షణకు వెళ్తోంది. ఒక అద్దె గదిలో ముప్పై కుర్చీలు, ముప్పై తెరలు. మాస్టరు, ఆమెకు కొడుకుంటే ఆ వయసుండే కుర్రాడు. అంచు తప్పకుండా గీత గీసే చెయ్యి మౌసు పట్టుకుంటే బాణం గుర్తు తెర దాటిపోతోందని, పక్కవాళ్ళు నవ్వరనీ, ఎందుకంటే అక్కడ ఎవరూ ఎవరితో మాట్లాడరనీ కుడివైపు ఆవిడ ఎవరితోనో చెబితే చిన్నికి తెలిసింది. అక్క చెప్పలేదు.

ఒక సాయంత్రం చిన్ని ఉండబట్టలేక వంటగదిలోకి వెళ్ళి అడిగేసింది. తిట్టక్కా, రెండు దెబ్బలైనా వెయ్యి, ఇలా ఉండకు అంది.

అక్క పాలగిన్నె దించి, మూత పెట్టి, చేతులు తుడుచుకుంది.

"నిన్నేం అంటానే. నువ్వు నాకొక్కదానికే చెప్పావు. ఊరందరికీ చెప్పింది నేను. నేను నోరు మూసుకుని ఉంటే వాళ్ళంతా ఇవాళ ఆ ఊళ్ళో పని చేసుకుంటూ ఉండేవాళ్ళు." పొయ్యి ఆర్పి, "కానీ చిన్నీ, నువ్వు పైగది ఖాళీ చెయ్యి. నిన్ను చూసినప్పుడల్లా నాకు వాళ్ళే కనపడుతున్నారు. నేను తట్టుకోలేకపోతున్నాను," అంది.

ఆ గొంతులో కోపం లేదు. అందుకే చిన్నికి బతిమాలే దారి దొరకలేదు. ఆదివారం తన బట్టలూ రెండు పుస్తకాల పెట్టెలూ రిక్షాలో వేసుకుని, ఫ్యాక్టరీ దగ్గర్లోనే ఒక గదికి మారింది. సామాను దింపుతున్నంతసేపూ అక్క వస్తుందేమోనని వీధివైపు చూసింది.

హెడ్డాఫీసు ఆమెను ఉద్యోగంలోంచి తీయలేదు. లెక్కలు రోజూ వేళకు, ఒక్క తప్పు లేకుండా పంపిందని మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. వెయిటింగ్ లిస్టు ముగిసేదాకా ఇక్కడే ఉండి కాగితాలు చూసుకోమన్నారు. బట్టీలు చల్లారాయి. చక్రాలు విప్పి లారీల్లో పంపేశారు. మేడ మీది ఆఫీసులో చిన్ని, కింద గేటు దగ్గర వాచ్‌మన్, అంతే మిగిలారు. కంపెనీ ఎలా చూసుకుందో చెప్పమంటూ అభిప్రాయాల ఫారం ఒకటి ఆరు వందల నలభై ఫోన్లకు పంపించారు. దానికి వచ్చిన జవాబుల లెక్క ఆమె రోజూ ఐదున్నరకు పంపుతుంది. సున్నా. నెల దాటినా సున్నాయే.

పెద్దమ్మ మాత్రం రెండు రోజులకోసారి వస్తుంది. మెట్లు ఎక్కలేక కిందనుంచే పిలిస్తే చిన్ని దిగి వెళ్తుంది. ఆవిడకు ఎవరిమీదా కోపం లేదు, ఏం జరిగిందో ఎవరెన్నిసార్లు చెప్పినా పూర్తిగా ఎక్కలేదు. ఫారం నింపింది, పేరు లిస్టులో ఉంది, కాబట్టి పిలుపు వస్తుంది. ఫోను తీసి ఇస్తుంది. చిన్ని తెర మీద వేలితో పైకీ కిందకీ జరిపి చూస్తుంది. చూడ్డానికి అక్కడేమీ ఉండదు, అయినా ఆవిడ నిలబడి ఉంది కదా అని చూస్తుంది.

"ఇంకా ఏమీ రాలేదు పెద్దమ్మా."

"నేనేమైనా నొక్కాలా?"

"అక్కర్లేదు. నొక్కాల్సింది ఏమీ లేదు."

"సరేలే. ఎల్లుండి మళ్ళీ చూపిస్తాను," అని ఫోను రవికలో దోపుకుని, గేటు దాటి, ఎండలో నెమ్మదిగా నడుచుకుంటూ పోతుంది. ఆవిడ మలుపు తిరిగేదాకా చిన్ని అక్కడే నిలబడుతుంది. ఐదున్నర కావడానికి ఇంకా చాలా సేపుంటుంది.